రంగం గుళ్ళు

పోయిన వారం దానమ్మను బరంపురం ఆడవాళ్ళ ఆసుపత్రి వరండాలో, పదిమంది కళ్ళ ముందు, ఒక్క ప్రశ్న దగ్గర నిలబెట్టి వచ్చాం. అడిగింది వియ్యపురాలు ముత్యాలమ్మ. అరిచి అడగలేదు. కూర్చున్న చోటునుంచి లేవకుండా, కళ్ళు మాత్రం ఎత్తి, "ఆ సీసాలో ఏటేసినావు వదినా?" అంది.

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

దానమ్మది మార్కండి, సముద్రపు ఒడ్డున చేపలు పట్టే పల్లె. కోడలు కాసమ్మకు ఏడో నెల. రెండు నెలలుగా ఆ పిల్లకు కడుపులో నొప్పి. బొడ్డు చుట్టూ తాడు వేసి ఎవరో మెలిపెడుతున్నట్టు వచ్చేది. మనిషిని మూడు మడతలు చేసి నేల మీద పడేసి, గంటో రెండు గంటలో ఉండి, వచ్చినట్టే పోయేది. జ్వరం లేదు. రక్తం కనపడలేదు. లోపల బిడ్డ కదులుతూనే ఉంది. మంత్రసాని మూడుసార్లు ఇవి పురిటి నొప్పులేనని నీళ్ళు కాయించింది. మూడుసార్లూ ఆ నీళ్ళు ఊరికే చల్లారిపోయాయి. గంగమ్మకు మొక్కారు, దిష్టి తీశారు. చివరికి దానమ్మ రంభ ఊరు వెళ్ళి, అక్కడి వైద్యుడి దగ్గర ఒక సీసా నిండా కషాయం పోయించుకుని వచ్చి పూటకింత తాగించింది. దానికీ తగ్గలేదు. అప్పుడు బండి కట్టించి ఛత్రపురం, అక్కడినుంచి రైలు మీద బరంపురం తీసుకువచ్చింది.

కొడుకు మసేను, కోడలికి నెల తప్పాక మళ్ళీ వెళ్ళి, రంగంలో ఉన్నాడు. రంగూన్‌ని ఈ తీరంలో అందరూ రంగమనే అంటారు. ఇంటి దగ్గర పెద్ద కూతురు జగ్గమ్మను కాపలా ఉంచి వచ్చింది. జగ్గమ్మకూ ఐదో నెల. పోయిన ఏడు పుట్టింటికి పురిటికి వచ్చి ఎనిమిదో నెలలోనే బిడ్డను పోగొట్టుకున్న మనిషి. అందుకని, బరువులెత్తకు, ఎండలో తిరగకు, ఒకచోట కూర్చుని చేసే పనే చూసుకో అని దానమ్మ గుమ్మం దాటేముందు రెండుసార్లు చెప్పింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కటకం ఆవిడ. వచ్చి నాలుగు నెలలే అయింది. తెలుగు నేర్చుకుంటోంది. మొదట మూత్రం పరీక్ష చేయించింది, పొట్ట కుడిపక్క నొక్కి చూసింది, వీపు తట్టి చూసింది. ఏదీ సరిపడలేదు. ఆరో రోజు పొద్దున కాసమ్మను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి కింది పెదవి లాగి చూసింది. చిగుళ్ళ అంచున, పళ్ళ మొదట్లో, సిరాతో గీసినట్టు నల్లటి నీలం గీత. ఆ గీత దానమ్మ ఇంటి దగ్గరే చూసింది. పిల్ల చాటుగా తనలాగే చుట్టను అడ్డపొగ తాగుతోందేమో అనుకుని ఊరుకుంది. డాక్టరమ్మ ఊరుకోలేదు. పక్కన ఉన్న ముత్యాలమ్మను అడిగింది.

"మీ ఇంట్లో సీసా ఉందా?"

కూతురి సంగతి తెలిసి గోపాల్‌పూర్ నుంచి భర్త సూరన్నతో వచ్చి అక్కడే ఉన్న ముత్యాలమ్మ, "ఉంది తల్లీ, ఉంది" అంది.

"ఆ సీసా విషం. అమ్మాయి ఇక దాన్ని ముట్టకూడదు."

అప్పుడు దానమ్మ గుడ్డలు ఉతకడానికి నూతి దగ్గరికి వెళ్ళింది. తడిబట్టలు భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి వరండాలో మాటలు ఆగిపోయి ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలోనే ముత్యాలమ్మ ఆ ప్రశ్న వేసింది. దానమ్మ జవాబు చెప్పేలోపునే సూరన్న తువ్వాలు దులుపుకుని లేచి, మార్కండి వెళ్ళి ఆ సీసా తెస్తానని బయలుదేరాడు.

అది మొన్న. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి అతను తిరిగి వచ్చాడు.

ఆ వేళకి మందులగది కిటికీ ముందు ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. కాంపౌండరు సోమేశ్వరరావు తల ఎత్తకుండానే వచ్చినవాళ్ళనల్లా "సీసా ఏదమ్మా? సీసా తెచ్చావా?" అని అడుగుతూ, వాటిలో ఎర్రనీళ్ళు పోసి, మోతాదు తెలిపే కాగితం గీట్లు అంటించి ఇస్తున్నాడు. కొన్ని కిరసనాయిలు వాసన, కొన్ని అత్తరు వాసన. వరండా చివర ఇద్దరు మగవాళ్ళు బరంపురం చెన్నపట్నం కిందే ఉంటుందా, ఒరియావాళ్ళకు వేరే రాష్ట్రం ఇస్తే అందులోకి పోతుందా అని నింపాదిగా వాదించుకుంటున్నారు. ఒకడి పెళ్ళాం లోపల ప్రసవిస్తోంది. ఏ రాష్ట్రంలో పుడితేనేం, ముందు పుట్టనీయండి అని ఆయా కసురుకుంటూ పోయింది.

సూరన్న తువ్వాలు మూట విప్పి సీసాను గచ్చు మీద పెట్టాడు. ఆకుపచ్చ సీసా. మూతకు గుడ్డపీలిక. లోపల మూడోవంతు కషాయం. ఉట్టిలోంచి జగ్గమ్మే తీసి ఇచ్చిందని, అందరినీ అడిగిందని, వల సగం పైన అయిపోయిందని అమ్మతో చెప్పమందని ఒక్కొక్కటే అప్పజెప్పినట్టు చెప్పాడు. చెప్పి, గోడకు చేరబడ్డాడు. ఎవరి పక్షమూ కాని మనిషిలా ఉండాలని చూసే మంచివాడు.

ముత్యాలమ్మ సీసా వంక చూసింది గానీ ముట్టుకోలేదు.

"డాక్టరమ్మకి సూపిద్దాం. ఆవిడ సెప్పినాక, పిల్లని మేం గోపాల్‌పూర్ తీసుకుపోతాం. పురుడు అక్కడే. ఆ పైన అది మీ గుమ్మం తొక్కదు వదినా. ఇప్పుడే సెప్పెత్తున్నాను."

ఇదీ అసలు సంగతి. ఏడో నెల రాగానే పంపమని ముత్యాలమ్మ కబురు చేసినప్పుడు, నొప్పితో ఉన్న పిల్లను బండి కుదుపుల్లో ఎలా పంపుతామని దానమ్మ ఆపింది. ఇప్పుడు ఆ ఆపడానికి వేరే అర్థం వచ్చింది. రేపు మసేను రంగంనుంచి దిగి, నా పెళ్ళాం ఏదే అమ్మా అంటే తను ఏం చెప్పాలి? విషం పెట్టానని నన్ను వదిలేసి పోయిందని చెప్పాలా?

దానమ్మ ముందుకు వంగి సీసా అందుకుంది. పీలిక ఊడదీసింది. సూరన్న వద్దనడానికి చెయ్యి ఎత్తేలోపున రెండు గుక్కలు తాగింది. ఇంకా మిగిలినదాన్ని చూసి, ఇంకొక గుక్క తాగి, మూతి తుడుచుకుని, పీలిక మళ్ళీ కట్టి, సీసా ఎక్కడినుంచి తీసిందో అక్కడే పెట్టింది.

"సాయంత్రం దాకా ఇక్కడే కూకుంటాను. సూసుకో వదినా."

అని కాళ్ళు చాపుకుని కూర్చుంది గానీ, లోపల ఆమెకూ జంకు లేకపోలేదు. రంభ వైద్యుడు దాన్లో ఏం వేశాడో ఆమెకు మాత్రం ఏం తెలుసు? వాము వాసన వచ్చింది కాబట్టి వాము అనుకుంది. పెద్ద డాక్టరమ్మ విషమన్న తర్వాత విషమేనేమో. తన చేత్తో రోజుకు రెండు పూటలా పిల్ల నోట్లో పోసినదాన్ని తన నోట్లో పోసుకోవడానికి జంకితే ఇక మనిషి జన్మ ఎందుకు అనిపించింది. అంతే. అంతకుమించి ఆలోచించలేదు.

పూట గడిచింది. నడుము దగ్గర చుట్ట గుచ్చుకుంటోంది. ఆసుపత్రిలో పొగ కూడదన్నారు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి తాగే అలవాటు నలభై ఏళ్ళది. ఎనిమిది రోజులుగా అది లేక నోరు ఎండిపోయి, చుట్టలోంచి ఓ తుంపు తుంచి దవడలో దాచుకుని కాలక్షేపం చేస్తోంది. ఎవరైనా పిలిస్తే నాలుకతో దాన్ని పక్కకు తోసి మాట్లాడడం కూడా నేర్చుకుంది.

ముత్యాలమ్మ ఎదురుగుండా కూర్చుని కాపలా కాసినట్టే చూసింది. మధ్యాహ్నానికి ఆమెకే విసుగు పుట్టింది.

"కడుపులో ఏటైనా ఉన్నాదా?" అంది.

"ఉన్నాది. ఆకలి."

సూరన్న మొహం పక్కకు తిప్పుకుని నవ్వు దిగమింగుకున్నాడు. ముత్యాలమ్మ సంచిలోంచి పేలాల్లాంటి మురీల మూట తీసి, విప్పి, ఇద్దరికీ మధ్య పెట్టింది. పెట్టాను కదా అని నీ తప్పు తీరిపోలేదు అన్నట్టు మొహం మాత్రం అటే ఉంచింది. ఇద్దరూ పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, మాట్లాడకుండా ఆ మురీలు తిన్నారు.

మూడింటికి లోపలినుంచి కాసమ్మ మూలుగు వినిపించింది.

ఇద్దరూ ఒకేసారి లేచారు. పిల్ల మంచం మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పళ్ళు బిగించుకుని, చెమటలో ముద్దయి ఉంది. పొట్ట రాయిలా ఉంది. దానమ్మ ఆమె వీపు రాస్తూ నిలబడింది. చెయ్యి కదులుతుంటే తల్లో ఒక లెక్క కూడా కదిలింది. ఎనిమిది రోజులుగా ఈ పిల్ల నోట్లో ఆ కషాయం చుక్క పడలేదు. సీసా మార్కండిలో ఉట్టి మీద వేలాడుతుంటే నొప్పి బరంపురం ఎలా వచ్చింది? ఈ మాట ముత్యాలమ్మతో అనాలనుకుని, ఆమె మొహం చూసి ఊరుకుంది. ముత్యాలమ్మ వెంట తెచ్చిన సీసాను తిప్పి తిప్పి చూస్తోంది. ఆమెకూ అదే లెక్క తట్టినట్టుంది.

డాక్టరమ్మ వచ్చి సూది వేసింది. నాడి చూసింది. బాకాలాంటి గొట్టం పొట్ట మీద పెట్టి చెవి ఆనించి, చాలాసేపు విని, బిడ్డ బాగానే ఉందన్నట్టు తల ఊపింది. కాసమ్మ మెల్లగా సర్దుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు డాక్టరమ్మ చూపు ముత్యాలమ్మ చేతిలోని ఆకుపచ్చ సీసా మీద పడింది. తీసుకుని, పీలిక విప్పి, వాసన చూసింది.

"వాము. శొంఠి. ఇది ఎందుకు తెచ్చారు?"

"తమరే కదా తల్లీ, సీసా విషమన్నారు" అంది ముత్యాలమ్మ.

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. సీసావైపు చూసింది. మళ్ళీ మొహంలోకి చూసింది. "ఇది కాదు. నేను సీసా అన్నాను. సీసా" అని చేత్తో ఏదో బరువు తూచినట్టు చూపించింది. "ఇంట్లో ఉంది అన్నారు మీరు."

"ఉన్నాది తల్లీ. ఇదే."

ఇద్దరూ ఒకే మాట అంటూ ఒకరికొకరు అందకుండా నిలబడ్డారు. చివరికి డాక్టరమ్మ ఆయాను పంపి సోమేశ్వరరావును పిలిపించింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒరియాలో ఆవిడ చెప్పింది విన్నాడు. పొద్దుటినుంచి తను ఎన్నిసార్లు సీసా సీసా అని అరిచాడో గుర్తొచ్చిందేమో, అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, పొరపాటు మన ఇద్దరి భాషల మధ్య జరిగింది. ఆవిడన్నది మన సీసా కాదు. ఒరియాలో సీసా అంటే లోహం. మనం సీసం అంటాం. ఇనుమూ ఇత్తడీ ఉన్నట్టే అదొకటి. అది కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతే చిగుళ్ళ మీద ఆ గీత వస్తుందట, ఈ నొప్పీ వస్తుందట."

సీసం అన్న మాట దానమ్మ ఎప్పుడూ విని ఉండలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఛత్రపురం సంతలో ముప్పై ఏళ్ళు ఒరియావాళ్ళతో బేరమాడింది. ఆ బేరాల్లో ఆ మాటతో పని పడలేదు. ముత్యాలమ్మ అయితే, మా ఇళ్ళల్లో మట్టికుండలు, ఇనప మూకుళ్ళు తప్ప మరో లోహం లేదని గట్టిగా చెప్పింది. రంగులు వేసే పని ఉందా అని డాక్టరమ్మ అడిగింది. అచ్చాఫీసులో ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేదు, లేదు అంది ముత్యాలమ్మ.

సోమేశ్వరరావుకు ఏదో తోచింది. మందులగదికి వెళ్ళి, చెన్నపట్నంనుంచి రైల్లో వచ్చిన మందుల పెట్టె కట్టుతీగకు వేలాడుతున్న సీలు బిళ్ళను కత్తిరించి తెచ్చాడు. బఠాణీ అంత ఉంది. ఎవరికి ఇవ్వాలో తెలియక దగ్గరగా ఉన్న దానమ్మ అరచేతిలో పెట్టాడు.

"ఇదిగో, ఇదీ సీసం."

ఆమె చెయ్యి ఆమెకంటే ముందే గుర్తుపట్టింది. అంత చిన్నదానికి అంత బరువు. ఆ బూడిదరంగు. బొటనవేలి గోరు తనంతట తానే దాని మీద గీసింది. గీసిన చోట వెండిలా మెరిసింది.

దానమ్మ తల ఎత్తలేదు.

ఆ గదిలో ఆ బిళ్ళను గుర్తుపట్టింది తనొక్కతే. సూరన్న బయట ఉన్నాడు. ముత్యాలమ్మ గోపాల్‌పూర్ మనిషి, అక్కడ వలలు మునగడానికి ఇంకా కాల్చిన మట్టిగుళ్ళే కడతారు. కాసమ్మ గోడవైపు తిరిగి ఉంది. సీసా సంగతి తేలిపోయింది. ఇప్పుడు ముత్యాలమ్మ తన దగ్గర తప్పు ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది. ఇంటికి వెళ్ళగానే తన వలకున్న గుళ్ళన్నీ మూటగట్టి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలో పారేస్తే పిల్లకు నొప్పీ తగ్గుతుంది, తనకు మాటా రాదు. ఇదంతా ఆమె మనసులో, చేప నీటి పైకి వచ్చి మునిగినంత సేపు మెదిలింది.

"ఇయ్యి మా ఇంట్లో ఉన్నాయి తల్లీ" అంది. "రంగం గుళ్ళు."

అందరూ ఆమెవైపు తిరిగారు. దానమ్మ ఆగి ఆగి చెప్పింది. రెండేళ్ళ కింద మసేను వచ్చినప్పుడు రంగం రేవులో టీ పెట్టెల లోపల పరిచే మెత్తటి రేకు చుట్ట చుట్టి తెచ్చాడు. దాన్ని సన్నగా పీలికలు కత్తిరించి, విసురు వల అడుగు తాడుకు బెత్తెడు బెత్తెడు దూరాన చుట్టి నొక్కేస్తే గుళ్ళయిపోతాయి. మట్టిగుళ్ళు కెరటం కొడితే పగులుతాయి. ఇవి పగలవు. వల వేసీ వేయగానే రాయిలా మునుగుతుంది. ఊరంతా వచ్చి చూసిపోయారు. పేరేమిటో ఎవరికీ తెలియదు, రంగంనుంచి వచ్చాయి కాబట్టి రంగం గుళ్ళన్నారు.

"దేనితో నొక్కుతారు?" అంది డాక్టరమ్మ.

దానమ్మ నోటితో చెప్పలేక చూపించింది. లేని తాడును రెండు చేతులతో పట్టుకుని, దవడ పళ్ళ మధ్య పెట్టుకుని, కొరికింది. ఇంకొకటి జరుపుకుని, ఇంకొకసారి కొరికింది. ఒక్క వలకు అలా నాలుగైదు వందలు.

"ఎవరు చేశారు ఈ పని?"

"కోడలే. నానే ఇచ్చినాను. కడుపుతో ఉన్న పిల్ల గంప మొయ్యకూడదు, సంతకి ఎల్లకూడదు, నీడలో కూకుని గుళ్ళు కట్టుకోమని సెప్పినాను. అదే సుఖమైన పని మా ఇంట్లో."

ముత్యాలమ్మ ఏమంటుందో అని దానమ్మ ఎదురుచూసింది. ఆమె డాక్టరమ్మ చేతిలోంచి ఆకుపచ్చ సీసాను తీసుకుని మంచం కింద జాగ్రత్తగా పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"సెప్పకపోతే నాకు తెలిసేది గాదు" అంది చివరికి.

"అవును."

"మరెందుకు సెప్పినావు?"

"పిల్ల నీది గదా వదినా. కడుపులోది నాది. ఎవులికని దాసను?"

గోపాల్‌పూర్ సంగతి ముత్యాలమ్మ మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరమ్మ ఏం చేయాలో సోమేశ్వరరావు చేత చెప్పించింది. పాలు బాగా తాగాలి, భేది కావడానికి ఉప్పు మందు ఇస్తారు, ఇక ఆ గుళ్ళు ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు. ఒక మాట మాత్రం ఆవిడే, వెతుక్కుంటూ, తెలుగులో చెప్పింది.

"తల్లి రక్తంలోకి వెళితే బిడ్డకూ వెళుతుంది. చాలామందికి నెలలు నిండకుండానే పోతుంది. ఈ బిడ్డ గట్టిది. గుండె బాగా కొట్టుకుంటోంది. మనం ముందుగానే తెలుసుకున్నాం."

ఆ మాటకు ముత్యాలమ్మ కళ్ళు తుడుచుకుంది. దానమ్మకు ఆ మాటలో ఏదో ఒక ముక్క ముల్లులా గుచ్చుకుంది గానీ, అది ఏ ముక్కో అప్పుడు తెలియలేదు.

డాక్టరమ్మ వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగింది. ఒక్క సంగతి తనకు సరిపడడం లేదంది. ఇక్కడికి వచ్చి ఎనిమిది రోజులైంది. ఇక్కడ వలా లేదు, గుళ్ళూ లేవు. నొప్పి మెల్లగా తగ్గుతూ రావాలి. నిన్నటికంటే ఇవాళ ఎందుకు ఎక్కువైంది?

దానమ్మ కోడలివైపు చూసింది.

కాసమ్మ సూది మందు మత్తులో ఇటు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు సగం మూసుకున్నాయి. ఎడమ దవడ కొంచెం ఉబ్బి ఉంది. చూస్తుండగానే ఆ ఉబ్బు మెల్లగా కుడివైపుకు జరిగింది. ఇంకెవరైనా అయితే గమనించేవారు కాదు. దానమ్మ నాలుక తన దవడలోని పొగాకు తుంపును అదే క్షణంలో, అలాగే, పక్కకు తోసింది.

మంచం పట్టెమీద కూర్చుని, కోడలి గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు కాసీ."

కాసమ్మ కళ్ళు విప్పింది. సిగ్గుపడింది. నోరు తెరవలేదు. దానమ్మ తన నోట్లో వేలు పెట్టి, పొగాకు తుంపు తీసి, అరచేతిలో చూపించింది.

"సూడు. నానూ తీసేసినాను. నివ్వూ తియ్యి."

పిల్ల తన నోట్లోంచి తీసి అత్త చేతిలో పెట్టింది. నాకి నాకి నున్నబడిన రంగం గుండు. దానమ్మ కోడలి చీర చెంగు ముడి వెతికి విప్పింది. అందులో ఇంకా ఐదు ఉన్నాయి. ఉప్పు అద్దిన చింతకాయ ముక్క ఒకటి వాటికి అంటుకుని ఉంది. డాక్టరమ్మ పింగాణీ గిన్నె పట్టింది. ఒక్కొక్కటీ టక్కుమని అందులో పడింది.

"తియ్యగా ఉంటాది అత్తా" అంది కాసమ్మ చిన్న గొంతుతో. "చింతకాయ తిని ఇది ఎట్టుకుంటే బెల్లం నాకినట్టు ఉంటాది. ఇది లేకపోతే నోరు పీకేత్తన్నాది. నొప్పి వచ్చినప్పుడు మరీను. నాను మింగలేదు. ఊరికే ఎట్టుకుంటాను."

ముత్యాలమ్మ నుదురు కొట్టుకోబోయి, పిల్ల బెదురుతుందని చెయ్యి దించుకుంది. దానమ్మ కోడలి తల నిమిరింది. నోరు పీకడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నీకెలా తెలిసిందే ఇది? ఎవులు నేర్పినారు?"

"వదిన."

"జగ్గమ్మా?"

"ఊఁ. పోయినేడు పురిటికి వచ్చినప్పుడు మొదటి వలకి గుళ్ళు కట్టింది వదినే గదా. అప్పుడే కనిపెట్టిందంట. కడుపుతో ఉన్నోళ్ళకి నోరు బావుంటాదే అని నాకు సెప్పినాది." మత్తు మళ్ళీ కమ్ముతోంది, కాసమ్మ కళ్ళు మూసుకుంది. "మనం ఇక్కడికి బయలుదేరినప్పుడు కూడా, నా మూటలో ఈ గుళ్ళు కట్టి ఇచ్చింది వదినే."

ఇందాక గుచ్చుకున్న ముల్లు ఏదో దానమ్మకు ఇప్పుడు తెలిసింది. నెలలు నిండకుండానే పోతుంది. పోయిన ఏడు ఎనిమిదో నెలలో, మంత్రసాని గుడ్డలో చుట్టి చేతికిచ్చిన ఆ చల్లటి బిడ్డ. ఇంటికి ఏదో పట్టిందని ఊరివాళ్ళంటే, కాదు, ఇది మా తలరాత అని తను సమాధానపడిన బిడ్డ.

ఇప్పుడు జగ్గమ్మకు ఐదో నెల. బరువులెత్తకు, ఎండలో తిరగకు, కూర్చుని చేసే పనే చూసుకో అని చెప్పి, మిగిలిన రేకు చుట్టనూ, వలనూ ఆమె ఒళ్ళో పెట్టి వచ్చింది తనే.

దానమ్మ వరండాలోకి వచ్చింది. సూరన్న గోడకు చేరబడి కునుకుతున్నాడు. ఛత్రపురం రైలు ఎన్నింటికని అడిగింది. అది ఇప్పుడే పోయిందని, ఇక రేపు పొద్దున్నేనని అతను చెప్పాడు. ఆమె నడిచి పోవడానికి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటుంటే, సంగతి తెలియని ఆ మంచి మనిషి ధైర్యం చెప్పబోయాడు.

"ఇంటి గురించి బెంగెట్టుకోకు సెల్లీ. జగ్గమ్మ కులాసాగానే ఉన్నాది. నాను ఎల్లేసరికి గుమ్మంలో వల ఏసుకుని కూకున్నాది. పిలిస్తే మాత్రం గబుక్కున పలకలేదు."

దానమ్మ మెట్టు మీద ఆగింది.

"ఏటంటే, నోట్లో ఏదో ఉన్నాది" అన్నాడు సూరన్న.